టిఫిన్ సెంటర్‌లో చెత్త తగ్గించడం ఎలా?

దేవరకొండ బస్టాండ్ దగ్గర మాది చిన్న టిఫిన్ సెంటర్. పొద్దున పదింటికి ఇడ్లీ అయిపోయేది, చెత్తడబ్బా మాత్రం కవర్లతో పొంగేది. దాన్ని ఎలా తగ్గించుకున్నామో చెప్తాను.

ముందు ఒక్కరోజు లెక్క చూడండి. తడి చెత్తకు, పొడి చెత్తకు, ప్లాస్టిక్‌కు వేర్వేరు బకెట్లు పెట్టి, కొట్టు కట్టేసే ముందు మూడూ తూకం వేయండి. ఏ బకెట్ బరువుంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

పార్సిళ్లకు ఇంటి నుంచి డబ్బా తెమ్మని అడగండి. తెచ్చినవాళ్లకు రెండు రూపాయలు తగ్గిస్తే మర్నాడు మర్చిపోరు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. క్యారీ బ్యాగు కూడా 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదు. కానీ కవరు ఎంత మందంగా ఉన్నా, మరిగే సాంబారు అందులో పోయడం ఒంటికి మంచిది కాదు.

ఇక ప్లేట్లు. పేపర్ ప్లేట్లలో చాలావాటికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. మన దగ్గర పెళ్లిళ్లకు వాడిన మోదుగాకు ఇస్తరాకులే నయం. ఎండిన ఇస్తరాకు ముట్టుకుంటే పెళపెళమని విరుగుతుంది. అందుకే ఆ పూటకు కావలసినన్నే తీసి, నీళ్లు చిలకరించి, తడి గోనెసంచి కింద అరగంట ఉంచండి. మెత్తబడి ఒంగుతాయి. రాత్రంతా తడిగా వదిలేస్తే బూజు పడతాయి. సాంబారు మాత్రం స్టీలు గిన్నెలోనే ఇవ్వండి, ఆకు కుట్ల లోంచి కారుతుంది. చలికాలం చివర మోదుగు ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది, అప్పుడు కొత్త ఆకు దొరకదు. ముందే కుట్టించి ఎండబెట్టి దాచుకోండి. కుట్టే ఆడవాళ్లకు డబ్బు ఆలస్యం చేయకండి, వాళ్లకు అది రోజుకూలీ.

బోండాలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు. నల్లబడి నురగ కడితే పక్కన పెట్టేయండి. మోరీలో పోస్తే గడ్డకట్టి అడ్డుపడుతుంది. బయోడీజిల్ కోసం వాడిన నూనె కొనేవాళ్లుంటే డబ్బాలో పోగుచేసి ఇవ్వండి.

మిగిలింది తడి చెత్త. అడుగున చిల్లులున్న మట్టి గోలెంలో ఒక పొర కూరగాయ తొక్కలు, టీ పొడి వేసి, దానిమీద రెండు పొరలు ఎండాకు పరచండి. తిన్న ఇస్తరాకులను చింపి అందులోనే వేయొచ్చు. కొంచెం పేడనీళ్లు చల్లండి. మొదటిసారి మేము ఎండాకు వేయలేదు, వారానికే పురుగులు పట్టి పక్కకొట్టు అన్న గొడవ పెట్టుకున్నాడు. ఆయన కోపం న్యాయమే. కంపు వస్తే తడి ఎక్కువైనట్టే, ఎండాకు కలిపి తిరగేయండి. సాంబారు నీళ్లు, నూనె అందులో పోయొద్దు. నాలుగైదు రోజులకోసారి కలుపుతుంటే రెండు మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా అవుతుంది. వాన పడ్డ మట్టి వాసన వస్తే తయారైనట్టు. మా ఎరువు ఊళ్లో బత్తాయి చెట్ల పాదుల్లోకి పోతుంది.