సైలెన్సర్ పైపు ఎంత లావుండాలి? – 4వ పాఠం

పోయిన పాఠంలో మానిఫోల్డ్ దగ్గర ఆగాం. నాలుగు సిలిండర్ల పొగ నాలుగు గొట్టాల్లో వచ్చి ఒక్కచోట కలిసేదాకా చూశాం. అక్కడి నుంచి బండి వెనక దాకా పోయే పైపు సంగతి ఈ పాఠం. బండికి బలం పెంచుకోవాలని వచ్చే పిల్లలు ఎక్కువ డబ్బు వృథా చేసుకునేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

మా నల్లగొండలో బోరు వేయించినవాళ్లకు ఈ పాఠం సగం ముందే తెలుసు. బోరులో రెండించుల నీళ్లు పడ్డాయనుకోండి. రెండించుల పైపులోంచి వదిలితే ఎగిరి దూరంగా పడతాయి. అవే నీళ్లను నాలుగించుల పైపులోకి మళ్లిస్తే అడుగున పారుకుంటూ వచ్చి మూతి దగ్గరే జారిపోతాయి. నీళ్లు తగ్గలేదు, ఊపు తగ్గింది. ఇంచు పైపు పెడితే మోటారు మీద బరువు పడుతుంది. పొగ పైపంతా నిండి పోతుంది కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు, కానీ వేగం విషయంలో లెక్క ఇదే.

ఈ వేగంతో మనకేం పని? ఇంజన్ పొగను ధారగా వదలదు, దెబ్బదెబ్బకూ వదులుతుంది. ఒక దెబ్బ జోరుగా ముందుకు పోతే దాని వెనక ఒత్తిడి పడిపోతుంది. ఆ లాగుడుకు తర్వాతి సిలిండర్లో మిగిలిన పొగ కూడా బయటికొస్తుంది, కొత్త గాలికి చోటు దొరుకుతుంది. "ఇంజన్‌కు కాస్త బ్యాక్ ప్రెషర్ ఉండాలన్నా" అని షెడ్డుల్లో రోజూ వింటాం. బ్యాక్ ప్రెషర్ అంటే బయటికి పోయే పొగకు పైపులో ఎదురొచ్చే ఒత్తిడి. ఆ మాట తప్పు. బ్యాక్ ప్రెషర్ వల్ల బలం పెరగదు. పెద్ద పైపు పెడితే పికప్ తగ్గడం అందరూ చూశారు, కారణం మాత్రం తప్పుగా చెప్పుకున్నారు. అక్కడ తగ్గింది పొగ వేగం.

నేనూ ఈ తప్పు చేశాను. నా 1.5 లీటర్ల పెట్రోల్ సెడాన్‌కు, దాదాపు 118 హార్స్‌పవర్ బండి, రెండున్నర ఇంచుల పైపు బిగించాను. హైవే మీద నార్కట్‌పల్లి దాకా తేడా తెలియలేదు. ఆ వారమే శ్రీశైలం పోతూ మన్ననూరు దాటి ఘాటెక్కితే, అంతకుముందు మూడో గేరులో ఎక్కిన మలుపుల్లో రెండో గేరు వేయాల్సి వచ్చింది. 2,000 ఆర్‌పీఎం దగ్గర బండిలో లాగే గుణమే లేదు. ఆ తర్వాతే కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

లెక్క పెద్దదేమీ కాదు. పైపు లోపలి వైశాల్యంలో ఒక్కో చదరపు సెంటీమీటరు సుమారు 8 హార్స్‌పవర్‌కు సరిపోతుంది. ఇది పని మొదలుపెట్టడానికి వాడే మోటు లెక్క, అచ్చమైన సూత్రం కాదు. నా బండి 118ని 8తో భాగిస్తే 14.75 చదరపు సెంటీమీటర్లు. వైశాల్యం నుంచి వ్యాసం రావాలంటే దాన్ని 1.27తో (4ను 3.14తో భాగిస్తే వచ్చే అంకె) గుణించి వర్గమూలం తీయాలి, 4.33 సెంటీమీటర్లు వస్తుంది. అంటే లోపల 43 మిల్లీమీటర్లు చాలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. షాపులో పైపును బయటి కొలతతో అమ్ముతారు. మనకు కావలసింది లోపలి కొలత. రెండించులంటే బయట 50.8 మిల్లీమీటర్లు. రేకు మందం 1.5 అయితే రెండు వైపులా కలిపి 3 పోతుంది, లోపల 47.8 మిగులుతుంది. వైశాల్యం దాదాపు 18 చదరపు సెంటీమీటర్లు, 140 హార్స్‌పవర్ దాకా చాలు. ఇంచుముప్పావు పైపులో లోపల 41.4 మాత్రమే, నా బండికి బిగుతు. కాబట్టి రెండించులే సరి. రెండున్నర ఇంచులది 230 దాకా మోస్తుంది. నేను పెట్టింది అదే! అందులో పొగ వేగం రెండించుల పైపుతో పోలిస్తే మూడింట రెండొంతులు కూడా లేదు.

కొలిచేటప్పుడు ఆక్సాబ్లేడుతో కోసిన అంచును చేత్తో తడిమి చూడండి. లోపలి వైపు సన్నటి రేకు గరుకుగా లేచి ఉంటుంది. దాన్ని ఆకురాయితో తీసేసి అప్పుడు వెర్నియర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) పెట్టండి, లేకపోతే కొలత తక్కువ చూపిస్తుంది. పైపు అక్కడక్కడా నొక్కుకుపోయి ఉండొచ్చు కాబట్టి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి.

వెనక్కి పోయేకొద్దీ పైపు లావు కావాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. వేడెక్కితే గాలి ఉబ్బుతుంది: ఒత్తిడి మారకపోతే 30 డిగ్రీల గాలి 636 డిగ్రీలకు చేరేసరికి మూడింతలవుతుంది. చల్లబడుతూ పోతే మళ్లీ కుంచించుకుపోతుంది. తోకవైపు పొగ చల్లబడి తక్కువ చోటు తీసుకుంటుంది. చివర తగిలించే లావు మూతి చూపుకే.

టర్బో బండి లెక్క వేరు. అందులో పొగ జోరుకు టర్బైన్ అనే చక్రం తిరిగి, ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టిస్తుంది. టర్బైన్ దాటాక పైపులో ఒత్తిడి ఎంత తక్కువుంటే టర్బో అంత త్వరగా తిరుగుతుంది. అక్కడ మన లెక్క కంటే ఒక సైజు పెద్దది పెట్టినా నష్టం లేదు, చాలాసార్లు లాభమే.

రోడ్డు మీద తిరిగే బండికైతే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బాను, ముట్టుకోకండి. అది తీస్తే పొగ పరీక్షలో దొరికిపోతారు, పీల్చే గాలి కూడా మనదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి, 190వ సెక్షన్ పొగ, శబ్దాల గురించి చెబుతాయి. పని మొదలుపెట్టే ముందు ఆ రెండూ చదవండి.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: బండి పూర్తిగా చల్లారాక, ఎండ ఎక్కకముందే, కంపెనీ పైపు బయటి కొలత తీసుకోండి. రేకు మందం తీసేసి, లోపలి వైశాల్యం కట్టి, 8తో గుణించండి. వచ్చిన అంకెను మీ బండి హార్స్‌పవర్ పక్కన రాసుకోండి. రెండూ దగ్గరగా ఉంటే పైపు మార్చే పనే లేదు, అప్పుడు చూడాల్సింది వంపులను. ఇసుక నింపి, వేడి చేసి వంచిన పైపు మలుపు దగ్గర లోపల ఎంత నలుగుతుందో వచ్చే పాఠంలో ఒకదాన్ని కోసి చూద్దాం.