మన పిల్లల్లో ఒకరు మత్తుకు అలవాటు పడితే

గుంటూరులో నర్సింగ్ ట్యూటర్‌గా ఇరవై ఏళ్లు దాటాయి. తోటి ట్యూటర్లకు, హాస్టల్ వార్డెన్లకు రాస్తున్నాను.

నిద్రమాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు నర్సింగ్ చదివే మన పిల్లలకు చేతికందేంత దగ్గర్లో ఉంటాయి. పైగా మోతాదు తెలుసన్న ధైర్యం ఒకటి.

నోటి వాసన చూసి కనిపెట్టలేం. మే నెల ఎండలో కూడా ఫుల్ చేతుల చొక్కా, మాటిమాటికీ బాత్రూమ్, అందరి నైట్ డ్యూటీలూ నేనే చేస్తాననడం చూడండి. ఒకసారి తుంటి విరిగిన పెద్దాయన మూలుగుతుంటే, "ఇందాకే సూది వేశారుగా తాతా" అన్నాను. "నాకెవరూ వెయ్యలేదమ్మా" అన్నాడు. చార్టులో మాత్రం ట్రమడాల్, అంటే మత్తు కూడా ఇచ్చే నొప్పి మందు, ఇచ్చినట్టు మా విద్యార్థి ఒకడి సంతకం ఉంది. ఆ మందు ఎటు పోయిందో అర్థమైంది.

నేను నేరుగా ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రానికల్లా ఆ కుర్రాడు పెట్టెతో నరసరావుపేట బస్సెక్కాడు. వైద్యం సంగతి ఎవరం ఎత్తలేదు. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ తప్పు నాది.

ఇప్పుడైతే ఆ రోజే రోగుల డ్యూటీ నుంచి తప్పిస్తాను. అందులో మొహమాటం వద్దు. తర్వాత తలుపు వేసి, "రా నాన్నా, కూర్చో" అని, కళ్లతో చూసింది మాత్రమే చెబుతాను. ఒప్పుకోమని నిలదీయను. ఆ రాత్రి మాత్రం ఒంటరిగా వదలకండి. బయటపడిందన్న సిగ్గుతో ప్రాణం తీసుకునే ప్రమాదం ఉంది.

"రేపటి నుంచి మానెయ్" అని ఒట్టు వేయించుకోకండి. రోజూ మద్యం తాగేవాళ్లు, నెలల తరబడి ఆల్ప్రజోలాం లాంటి నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చూస్తుండగానే తగ్గించాలి. జీజీహెచ్ (గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి) మానసిక వైద్యం ఓపీకి మీరే వెంట వెళ్లండి. పోస్టింగ్ చేసిన చోట తెలిసినవాళ్లు చూస్తారని భయపడితే విజయవాడ తీసుకెళ్లండి. రాత్రి వేళైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

కేసు పెడతారన్నదే వాళ్ల పెద్ద భయం. మత్తుమందుల మీద ఉన్న 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. సొంత వాడకం, కొద్ది మోతాదు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు తమంతట తాము ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతుంది. ఈ రెండు మాటలూ ముందే చెప్పండి, భుజాలు కాస్త దిగుతాయి.

తిరిగి వచ్చాక కొన్నాళ్లు మందుల బీరువా తాళాలు, నైట్ డ్యూటీ ఇవ్వకండి. మళ్లీ జారితే కోప్పడకుండా మళ్లీ ఓపీకే తీసుకెళ్లండి. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు కొన్ని వారాలు ఆపాక పాత మోతాదే వేసుకుంటే ఒళ్లు తట్టుకోలేదు. ఊపిరి మందగించి, కంటిపాప చుక్కంత అయితే వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆ మందుకు విరుగుడు నలాక్సోన్ కావాలని చెప్పండి.

మొన్నామధ్య ఒక అమ్మాయి ప్రతి సోమవారం డ్యూటీకి ముందు నా దగ్గర టీ తాగి వెళ్లేది. మొదటిసారి గ్లాసు రెండు చేతులా పట్టుకున్నా టీ తొణికి చీర కుచ్చిళ్ల మీద పడింది. నేను గుడ్డ అందించి, ఇంకో గ్లాసు పోశాను.