మోటారు తిరగడం లేదా? సెల్లు మార్చే ముందు తీగ గీకిన చోటు చూడండి

ఒడిశాలోని మా పర్లాకిమిడి సైన్స్ క్లబ్బులో ఏ ఆదివారం మోటారు చేయించినా పావుగంటలో ఒక గొంతు వినిపిస్తుంది: “తిరగట్నేదు మాస్టారూ!” వెంటనే పక్కనున్న పెద్దపిల్లలు కొత్త సెల్లు కోసం లేస్తారు. మన టీచర్లూ అదే చేస్తారు. తీగ చివర్లు చూసేవాళ్లు ఒక్కరూ ఉండరు. పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు ఉండేది అక్కడే.

ఏ మోటారో మీకు తెలిసే ఉంటుంది. ఒకటిన్నర వోల్టుల పెద్ద సెల్లు, దాన్ని బిగించిన సైకిల్ ట్యూబు ముక్క, రెండు పిన్నీసులు, సెల్లు మీద పెట్టే, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, దాని పైన పిన్నీసుల మీద రెండు కొసలూ ఆనేలా పది చుట్లు గుండ్రంగా చుట్టిన వైండింగ్ తీగ ‘చుట్ట’. పారేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా గారి చలవతో చాలా బడులకు చేరిన మోటారు ఇది. తయారీ మళ్లీ చెప్పను.

చుట్టను వేలితో తిప్పి వదిలినా చలనం లేకుండా ఆగిపోతోందా? కరెంటు పారడం లేదన్నమాట. వైండింగ్ షాపులో ఇచ్చే తీగ మీద కరెంటును పారనివ్వని ఎనామిల్ పూత ఉంటుంది. అది రాగి రంగులోనే నిగనిగలాడుతుంది కాబట్టి పిల్లలు వట్టి రాగే అనుకుంటారు. అగ్గిపుల్లతో కాల్చి వదిలేస్తే మసి మిగిలి అది కూడా అడ్డుపడుతుంది. కాల్చినా సరే, ఉప్పు కాగితంతో రుద్దాల్సిందే. కళ్లను నమ్మొద్దు. టార్చిలైటు బల్బు, సెల్లు పెట్టి, గీకిన చోట తగిలించి చూడండి. వెలిగితేనే గీకినట్టు. పిన్నీసులకు తుప్పు ఉంటే వాటినీ ఓసారి రుద్దండి. ఇంతవరకు తేలికే.

అసలు తిప్పలు పెట్టేది ఇంకోటి. చుట్ట కదులుతుంది, అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కోసారి సగం తిరిగి వెనక్కొస్తుంది. గుండ్రంగా మాత్రం తిరగదు. కరెంటు వస్తోంది, అయస్కాంతం లాగుతోంది, అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికని ఒక ఏడాది పద్నాలుగు మోటార్లు చేయించాను. పదమూడు ఇలాగే ఊగి ఆగిపోయాయి. పాతపట్నం వెళ్లి కొత్త సెల్లులు తెచ్చాను. అయస్కాంతాలు మార్చాను. పిన్నీసులు వంచి, సరిచేసి, మళ్లీ వంచాను. సాయంత్రమైంది. తిరిగిన ఆ ఒక్కటీ ఒక ఏడో తరగతి అమ్మాయిది. బల్ల దగ్గర చోటు లేక ఆ పిల్ల గుమ్మం మెట్టు మీద కూర్చుంది. తీగ కొసను మెట్టు అంచున ఆనించి, చుట్టను అంచు అవతల కిందికి వేలాడనిచ్చి, పైవైపు మాత్రం బ్లేడు ముక్కతో గీకింది. మిగతా అందరూ నేను చూపించినట్టే చుట్టను బల్ల మీద పడుకోబెట్టి గీకారు. తేడా అంతా అదే.

ఎందుకంటే, అయస్కాంతం కింద ఉంది. కరెంటు పారుతున్నంతసేపు చుట్ట దాని మీద బల్లపరుపుగా పడుకోవాలనే చూస్తుంది. చేతి గాజును అంచు మీద నిలబెట్టినట్టు చుట్ట నిలబడి ఉన్నప్పుడే దానికి గట్టి తోపు తగులుతుంది. పడుకునే వేళకు కరెంటు తెగిపోవాలి. అప్పుడు వచ్చిన ఊపుతోనే అవతలికి దాటిపోతుంది. తెగ్గొట్టే పని చేసేది గీకకుండా వదిలిన సగం ఎనామిలే. కాబట్టి చుట్ట నిలబడినప్పుడు గీకిన సగం పిన్నీసుకు తగలాలి, పడుకునేసరికి ఆ గీకిన భాగం అంచు పిన్నీసు మీదికి రావాలి. చుట్టను పడుకోబెట్టి గీకితే ఈ లెక్క పావు చుట్టు తప్పుతుంది. కరెంటు పారేటప్పుడు ముందుకు ఎంత తోస్తుందో, వెనక్కీ అంతే లాగుతుంది. ఇక అది ఎలా తిరుగుతుంది?

అందుకని చుట్టను నిలువుగా పట్టుకోండి. ఒక కొసను చుట్టూ గీకెయ్యండి. రెండో కొసను బల్ల అంచున ఆనించి పైసగం మాత్రమే గీకండి. ఇక్కడ ఉప్పు కాగితం మడిచి తీగను మధ్యలో పెట్టి లాగొద్దు, రెండు వైపులా ఒకేసారి ఊడిపోతుంది. రెండు కొసలూ పూర్తిగా గీకితే మళ్లీ అదే ఊగులాట. ఒకదానికి పైసగం, ఇంకోదానికి కిందిసగం గీకితే రెండూ ఒకేసారి తగలవు, చుట్ట కదలనే కదలదు. ఎక్కువ గీకేశారని తీగ పారెయ్యక్కర్లేదు. గోళ్ల రంగు సగానికి పూసి ఆరనివ్వండి, ఎనామిల్ చేసే పని అది చేస్తుంది.

మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియాలో చదువుతారు. వాళ్లకి అయస్కాంతం కన్నా ‘చుంబక’ అంటేనే త్వరగా ఎక్కుతుంది. మాట ఏదైనా పర్వాలేదు కానీ, ‘పైసగం’ అని నోటితో చెప్పి వదిలేస్తే ఎవరికి తోచిన పైసగం వాళ్లు గీకుతారు. పిల్ల చేతిని పట్టుకుని, చుట్టను నిలబెట్టించి, తీగ మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి చూపించండి. అప్పుడే బ్లేడు ఇవ్వండి.

ఇక సెల్లు సంగతి. మోటారు కాసేపు బాగా తిరిగి నీరసించి, సెల్లు చేతికి వేడిగా తగిలితే, చుట్టను ఆపినప్పుడు తియ్యకుండా పిన్నీసుల మీదే వదిలేశారన్నమాట. అర మిల్లీమీటరు కన్నా కాస్త సన్నని తీగ పది చుట్లంటే మీటరు పైచిలుకు. దాని నిరోధం ఓములో పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. దాదాపు షార్ట్ సర్క్యూటే. చుట్టను పక్కకు తీసి, సెల్లు చల్లారాక మళ్లీ పెట్టండి. తొందరలో ల్యాప్‌టాప్ లోపలి బ్యాటరీలు, మొబైల్ బ్యాటరీలు మాత్రం తగిలించనివ్వకండి. అవి కాలతాయి, పేలతాయి కూడా. ఈ ఒక్క విషయంలో నేను ఎవరినీ బతిమాలను, చేతిలోంచి తీసేసుకుంటాను.

మిగతావి అరుదు. చుట్ట ఒకవైపు బరువుగా ఉంటే కొసలు మధ్యకి వచ్చేలా సరిచెయ్యండి. పిన్నీసులు ఎత్తు తేడాగా ఉంటే కంటికే తెలుస్తుంది. అయస్కాంతం బలహీనమనిపిస్తే రెండోది దాని మీద పేర్చండి. తలకిందులుగా పెట్టామేమో అని మాత్రం టెన్షన్ పడొద్దు. అలా పెడితే మోటారు రెండో వైపు తిరుగుతుంది, అంతే.