చర్చి హాలులో ఊరందరికీ నెలనెలా బీపీ పరీక్ష ఎలా పెట్టాలి?

ఆదివారం ఆరాధన అయ్యాక చాలా చర్చి హాళ్లకు మళ్లీ వారం దాకా తాళమే. చుట్టుపక్కల వాళ్లకు ఆ హాలు పనికిరావాలంటే బీపీ పరీక్షతో మొదలుపెట్టండి. ఖర్చు తక్కువ, అవసరం చాలా ఎక్కువ. బీపీ ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. పక్షవాతం వచ్చాక తెలిస్తే ఏం లాభం?

ముందు సంఘ పెద్దలు పీహెచ్‌సీ డాక్టరుగారిని, ఊళ్లోని ఆశా కార్యకర్తను కలవాలి. మందులు ఇవ్వాల్సింది వాళ్లే కాబట్టి వాళ్లతో కలిసే చేయాలి. సంఘంలో నర్సులు ఉంటే పరీక్ష బాధ్యత వాళ్లకు అప్పగించండి. తేదీ ఖాయమయ్యాక గుడి కమిటీకి, మసీదు పెద్దలకు స్వయంగా వెళ్లి చెప్పండి. వాట్సాప్ మెసేజ్ సరిపోదు.

పరీక్ష రోజు తొందర వద్దు. వచ్చినవాళ్లను ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోనివ్వండి, కాళ్లు నేలకు ఆనాలి. అరగంట లోపు టీ తాగినా, బీడీ కాల్చినా ఇంకాసేపు ఆగమనండి. చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి, చొక్కా మీద కాకుండా చేతికే పట్టీ చుట్టాలి. మాట్లాడించకుండా, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. 140/90 లేదా ఆపైన వస్తే చీటీ రాసిచ్చి పీహెచ్‌సీకి పంపండి. 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం లాంటివి ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి: అక్కడ కరపత్రాలు పంచొద్దు, సంఘంలో చేరమని అడగొద్దు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. తిండి కోసం ఎవరూ మతం మారకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. మన సంఘాలు గుర్తుపెట్టుకోవాల్సిన చరిత్ర ఇది. ఎవరైనా తమంతట తామే ప్రార్థన చేయమంటే చేయండి.

అసలు పని తర్వాత ఉంటుంది. కాస్త బాగుందనిపించగానే మాత్రలు మానేసేవాళ్లు ఎక్కువ. అందుకే వాళ్లు ఒప్పుకుంటేనే పేరు, ఫోన్ నంబరు, బీపీ ఒక పుస్తకంలో రాసుకుని, అది నర్సు దగ్గరే ఉంచండి. పది రోజులకోసారి స్త్రీల సమాజం అక్కలు వెళ్లి పలకరించాలి. పీహెచ్‌సీకి నడవలేని ముసలివాళ్లను యూత్ పిల్లలు బండి మీద తీసుకెళ్లొచ్చు.