స్మార్ట్ థర్మోస్టాట్ మీరే బిగించుకోండి – 4వ పాఠం: వైరు రంగు, సీ టెర్మినల్, రిబేటు

పోయిన పాఠం చదివి పాత థర్మోస్టాట్ విప్పినవాళ్ళలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. కొత్తది గోడకు ఎక్కింది, తెర వెలగలేదు. కొందరికి తెర వెలిగింది కానీ మోడ్ మార్చగానే మొత్తం చచ్చుబడింది. ఈసారి రిబేటు (స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టుకుంటే కరెంటు, గ్యాస్ కంపెనీలు ఇచ్చే డబ్బు) దరఖాస్తుతో మొదలుపెట్టాల్సింది. దాన్ని వెనక్కి జరిపాను. రెండు ఇబ్బందులకూ ఎక్కువసార్లు కారణం సీ వైరే (సీ అంటే కామన్, కరెంటు తిరిగి వెళ్ళే దారి), అది తేలకుండా రిబేటు మోడల్ ఎంచుకోకూడదు.

ఈ పాఠమంతా అమెరికాలో 24 వోల్టుల కంట్రోల్ వైర్లున్న సెంట్రల్ ఏసీ, ఫర్నేస్, హీట్ పంప్ ఇళ్ళకు. గోడలోంచి రెండో నాలుగో లావుపాటి వైర్లు వచ్చి వైర్ నట్లతో కలిపి ఉంటే అది 120 లేదా 240 వోల్టుల బేస్‌బోర్డ్ హీటర్ లైను. అలాంటి గోడ మీద నెస్ట్, ఎకోబీ థర్మోస్టాట్లు బిగించకూడదు.

తెర వెలగకపోతే

మీటరును ఏసీ వోల్టుల మీద, 200 అంకె దగ్గర పెట్టండి. ఫర్నేస్ తలుపు గట్టిగా మూసి, బ్రేకర్ వేసి, గోడ ప్లేటు మీద ఆర్‌కీ (24 వోల్టులు వచ్చే టెర్మినల్) సీకీ చెరొక మీటరు ముల్లు ఆనించండి. 24 నుంచి 28 మధ్య రావాలి. చాలామంది ఫర్నేస్ తలుపు తీసి లోపలి కంట్రోల్ బోర్డు దగ్గర కొలుస్తారు. తలుపు తీస్తే లోపలి స్విచ్ కరెంటు ఆపేస్తుంది. ఆ స్విచ్‌ను వేలితో నొక్కి పట్టుకుని కొలిస్తే 120 వోల్టులు మీ చేతి పక్కనే ఉంటాయి. గోడ దగ్గర కొలవడమే నయం.

సున్నా వస్తే ఈ వరుసలో చూడండి: బ్రేకర్, ఫర్నేస్ పక్కనుండే లైటు స్విచ్ లాంటి స్విచ్, తలుపు, ఫ్లోట్ స్విచ్, బోర్డు మీది ఫ్యూజ్. టెక్సస్‌లో యూనిట్ అటక మీద ఉన్నవాళ్ళు ఫ్లోట్ స్విచ్ సంగతి మరవద్దు. డ్రెయిన్ మూసుకుపోయి పళ్ళెంలో నీళ్ళు నిండితే చాలా ఇళ్ళలో ఆ స్విచ్ ఆర్‌నే కోసేస్తుంది. తప్పు కొత్త థర్మోస్టాట్ మీద పడుతుంది. ఫ్యూజ్ కార్లలో వాడే బ్లేడు రకం: ఊదా రంగుది 3 ఆంపియర్లు, లేత గోధుమ రంగుది 5. ఎంతది ఉంటే అంతదే వేయండి. పెద్దది వేస్తే ఈసారి ఫ్యూజ్ బదులు ఆ 24 వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది.

ఇవన్నీ బాగున్నా సున్నాయే వస్తోందంటే, గోడలో చుట్టి పెట్టిన ఖాళీ వైరును సీలో గుచ్చి ఉంటారు, దాని అవతలి కొస బోర్డు మీద ఎక్కడా లేదు. బ్రేకర్ ఆపి ఆ కొసను బోర్డు సీ స్క్రూ కింద బిగించండి. అక్కడ ఇప్పటికే ఒక వైరుంటే అది బయటి యూనిట్‌కు వెళ్ళేది, దాన్ని పీకొద్దు. రెండూ ఒకే స్క్రూ కింద ఉండొచ్చు.

రంగును నమ్మొద్దు

‘నీలం అంటే సీ’ అన్న మాట ఎంత పాకిందంటే, వీడియోలు చూసి వచ్చినవాళ్ళు అక్షరం వైపు చూడడమే మానేశారు. వైరుకు రంగు పెట్టింది కేబుల్ ఫ్యాక్టరీ. ఏ వైరు ఎక్కడ పెట్టాలో నిర్ణయించింది ఆ రోజు పనికొచ్చిన మనిషి. అతని దగ్గర అయిదు వైర్ల కేబుల్ ఉంటే అయిదు రంగులతోనే సర్దేశాడు. ఎరుపు ఆర్, తెలుపు డబ్ల్యూ (హీటింగ్), పసుపు వై (కూలింగ్), పచ్చ జీ (ఫ్యాన్) అన్నది అలవాటే. ఆ అలవాటు తప్పిన ఇళ్ళు ఎన్నో.

తేలిక ఉదాహరణ: ఫర్నేస్ నుంచి బయటి యూనిట్‌కు రెండు వైర్ల కేబుల్ వెళ్తుంది, తరచుగా ఎరుపూ తెలుపూ. అవి ఉండేది వై, సీల మీద. ఆ ఎరుపు ఆర్ కాదు, ఆ తెలుపు హీటింగూ కాదు.

ఇక కూలింగ్ పెట్టగానే ఫ్యూజ్ పోయినవాళ్ళ విషయం. పాత ట్రేన్, అమెరికన్ స్టాండర్డ్ హీట్ పంప్ థర్మోస్టాట్లలో బీ అన్న టెర్మినలే కామన్, అంటే మనం సీ అనేది. రివర్సింగ్ వాల్వ్ (హీట్ పంపును వేడికీ చల్లదనానికీ మధ్య మార్చేది) ఓ మీద ఉంటుంది. రీమ్, రూడ్ హీట్ పంపుల్లో అదే బీ అక్షరం రివర్సింగ్ వాల్వ్‌ది. కొత్త థర్మోస్టాట్ మీద ఉండేది ఓ/బీ అన్న ఒకే రంధ్రం. ట్రేన్ ఇంట్లో బీ మీది నీలం వైరును ‘బీ కదా’ అని అందులో గుచ్చితే ఏమవుతుంది? థర్మోస్టాట్ ఓ/బీకి 24 వోల్టులు పంపిన క్షణమే అవి నేరుగా కామన్‌లోకి పోతాయి. మధ్యలో అడ్డుకునే కాయిల్ లేదు, అది షార్ట్. ఫ్యూజ్ ఉంటే అది పోతుంది. ఫ్యూజ్ లేని యూనిట్ అయితే 40 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మరో, థర్మోస్టాట్ లోపలి స్విచ్చో పోతుంది.

తేల్చుకునే పద్ధతి ఇది. పాత థర్మోస్టాట్‌లో ఓ, బీ రెండింటికీ వైర్లుంటే ఓ వైరు ఓ/బీకి, బీ వైరు సీకి. బీకి ఒక్కదానికే ఉంటే ఊహించకండి, ఆ వైరు అవతలి కొస ఏ అక్షరం కింద ఉందో ఫర్నేస్ లేదా ఎయిర్ హ్యాండ్లర్ దగ్గర చూడండి. ఆ తర్వాత సెట్టింగ్‌లో వాల్వ్ కూలింగ్‌లో పనిచేసేదా, హీటింగ్‌లో పనిచేసేదా అన్నది ఎంచుకోండి. వేడి అడిగితే చల్లగాలి వస్తే ఆ సెట్టింగ్ తలకిందులైందన్నమాట, వైర్లు ముట్టుకోనక్కర్లేదు.

సీ లేనే లేకపోతే

నా ఓటు కొత్త కేబుల్‌కే: 18 గేజి, ఎనిమిది వైర్లది. అయిదు వైర్లది కొని పది డాలర్లు మిగుల్చుకుంటే రేపు హీట్ పంప్ పెట్టినప్పుడు మళ్ళీ గోడలో లాగాలి. లాగడం కుదరకపోతే ఎకోబీ ఇచ్చే పవర్ ఎక్స్‌టెండర్ కిట్, నెస్ట్ వాళ్ళ పవర్ కనెక్టర్ ఫర్నేస్ దగ్గర పెట్టేవి, పని చక్కగా చేస్తాయి. జీ వైరును రెండు కొసల్లోనూ సీకి మార్చి, బోర్డు మీద వై నుంచి జీకి చిన్న ముక్క వేసే ఉపాయం గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇంట్లో నడుస్తుంది, ఫ్యాన్ ఒక్కటే విడిగా వేసుకోవడం పోతుంది. ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో చేయొద్దు, అక్కడ వేడికి కూడా జీ కావాలి. సీ లేకుండా మిగతా వైర్ల నుంచి కరెంటు లాక్కునే పద్ధతిని నేను సిఫారసు చేయను. కొన్ని బోర్డులు ఆ చిన్న కరెంటుకే టిక్కు టిక్కుమని రిలే కొట్టుకుంటాయి, చలికాలంలో బ్యాటరీ దిగిపోతుంది.

రిబేటు

ఇప్పుడు మోడల్ ఎంచుకోవచ్చు. కరెంటు లేదా గ్యాస్ కంపెనీ చవగ్గా ఇచ్చే మోడల్‌కు సీ తప్పనిసరి కావచ్చు. అమెజాన్ థర్మోస్టాట్ అలాంటిదే.

ఎవరిని అడగాలన్నది ఊరిని బట్టి మారుతుంది. డాలస్‌లో వీధి కరెంటు లైన్లు ఆన్‌కార్ కంపెనీవి, బిల్లు మీరు ఎంచుకున్న రిటైల్ కంపెనీది. రెండు చోట్లా చూడండి. ఆస్టిన్‌లో ఆస్టిన్ ఎనర్జీ నగరానిదే. న్యూజెర్సీలో కొన్ని ఇళ్ళకు గ్యాసూ కరెంటూ పీఎస్ఈ అండ్ జీవే, ఇంకొన్ని ఇళ్ళకు చెరొక కంపెనీ. గ్యాస్ కంపెనీ సాధారణంగా గ్యాస్ ఫర్నేస్ ఉందా అని, కరెంటు కంపెనీ సెంట్రల్ ఏసీ ఉందా అని అడుగుతుంది.

డబ్బు మూడు దారుల్లో వస్తుంది: కంపెనీ సొంత ఆన్‌లైన్ దుకాణంలో కొనేటప్పుడే తగ్గింపు, కొన్నాక దరఖాస్తు, డిమాండ్ రెస్పాన్స్‌లో (వాడకం పెరిగినప్పుడు కంపెనీ మీ థర్మోస్టాట్‌ను సర్దే పథకం) చేరినందుకు ప్రోత్సాహం. కుదిరితే మొదటిదే మేలు, కాగితాల పని ఉండదు. దరఖాస్తుకు ఎనర్జీ స్టార్ గుర్తున్న మోడల్, బిల్లులో ఉన్నట్టే పేరు, ఖాతా నంబరు, మోడల్, సీరియల్ నంబర్లు, తేదీ కనిపించే రసీదు కావాలి. గడువు చాలాచోట్ల కొన్న తేదీ నుంచే మొదలవుతుంది. వైర్ల దగ్గర ఆగిపోయి పెట్టె మూల పడేసినవాళ్ళు ఈరోజే ఆ తేదీ చూసుకోండి. ఫెడరల్ 25సీ పన్ను రాయితీ (ఇంట్లో ఇంధనం ఆదా చేసే పనులకు ఇచ్చినది) జాబితాలో థర్మోస్టాట్ లేదు, ఆ రాయితీ కూడా 2025 డిసెంబరు 31తో ముగిసింది.

డిమాండ్ రెస్పాన్స్‌లో చేరితే ఎండాకాలం సాయంత్రాలు కంపెనీ మీ సెట్టింగ్‌ను కొన్ని డిగ్రీలు పెంచుతుంది. 2021 జూన్‌లో టెక్సస్‌లో చేరిన సంగతే గుర్తులేని జనం ఇల్లు వేడెక్కిందని బెంబేలెత్తారు. చేరేముందు రెండు విషయాలు చదవండి: మధ్యలో వద్దనుకుంటే ఆపే వీలుందా, ఎన్నిసార్లు ఆపితే ప్రోత్సాహం పోతుంది. ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్ళో ఉంటే ఈ డబ్బు వదులుకోవడమే మంచిది.

అభ్యాసం

బ్రేకర్ ఆపి కాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి: గోడ దగ్గర అక్షరం, వైరు రంగు, బోర్డు దగ్గర అక్షరం, ఆ వైరు చేసే పని. ఖాళీ వైర్లతో సహా ప్రతి వైరుకూ ఒక వరుస. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కొత్త థర్మోస్టాట్ బిగించకండి. కాగితం ఫొటో తీసి, అసలును ఫర్నేస్ తలుపు లోపలి వైపు అంటించండి.

బోర్డుకూ గోడకూ మధ్య జోన్ ప్యానెల్ (ఇంట్లో ఒక్కో భాగానికి విడి థర్మోస్టాట్ ఉంటే వాటిని కలిపేది) ఉన్న ఇళ్ళు అయిదో పాఠం వచ్చేదాకా ఆగండి. అక్కడ గోడ వైరు అవతలి కొస ప్యానెల్ మీద ఉంటుంది, బోర్డు మీద కాదు.