సరదా మనిషైన తాతగారి జీవితాన్ని రాసి దాచుకోవడం ఎలా

ఎనభై, తొంభై ఏళ్లు నిండుగా బతికి, ఇంటి కోసమే పాటుపడుతూ ఇంటిల్లిపాదినీ నవ్వించిన పెద్దాయన కన్నుమూస్తే, పెద్దకర్మనాటికి ఆయన ఫోటో, దాని కింద రెండు తేదీలు, నాలుగు పొగడ్తలు అచ్చవుతాయి. చాలా కుటుంబాలలో ఆ పని అంతటితో ఆగిపోతుంది. సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకం తీసుకురావడం మాత్రం ఏ కుటుంబానికీ అసాధ్యం కాదు. ఏది ముందు సేకరించాలో, ఏది తరువాత చూసుకోవచ్చో తెలిస్తే చాలు.

ఉద్యోగం, పొలం, పెళ్లి వంటి వివరాలు కాగితాలలో ఎలాగూ ఉంటాయి కనుక వాటికి తొందర లేదు. ఆయన విసిరిన చలోక్తులు, మనవలకు పెట్టిన ముద్దుపేర్లు, ఆటలో చేసిన తొండి మాత్రం చూసినవారి జ్ఞాపకాలలోనే ఉంటాయి, వారిలో చాలామంది ఆయన ఈడువారే. అందువల్ల పని మొదలుపెట్టవలసింది ఆయన సరదాలతోనే. పోయినవారి గురించి గంభీరంగానే రాయాలనే మొహమాటంతో వీటిని పక్కన పెట్టడం ఆయనకు అన్యాయం చేయడమే అని నా గట్టి నమ్మకం.

పెద్దకర్మకు బంధువులంతా ఒకచోట చేరతారు; భోజనాలయ్యాక మధ్యాహ్నం పూట తీరిగ్గా కూర్చున్నప్పుడు, ఫోను అందరికీ కనిపించేలా మధ్యలో పెట్టి, రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి మాటలు కదపండి. నాయనమ్మగారిని ఆ రోజులలో ఇబ్బంది పెట్టకుండా, నెల మాసికం అయ్యాక ఆమెకు వీలైన వేళ చూసి అడగండి. ఆయనతో పనిచేసినవారు, రోజూ ఒకే కాఫీ హోటలులో కూర్చున్న మిత్రులు, క్షవరం చేసిన మనిషి, వీరి దగ్గరికి మీరే వెళ్లాలి. కుటుంబానికి తెలియని తాతగారు వారి మాటల్లో దొరుకుతారు.

అడిగే తీరును బట్టే జవాబు వస్తుంది. “తాతయ్య ఎలాంటివారు?” అంటే “దేవుడులాంటి మనిషి” అనే మాట తప్ప మరొకటి రాదు. “నిన్ను ఏమని పిలిచేవారు? ఓడిపోతున్నప్పుడు ఏం చేసేవారు? జేబులో ఏం ఉండేది?” అని అడగండి. మా తాతగారి విషయంలో ఈ రెండో ప్రశ్నకే ఇల్లంతా పలికింది. గుంటూరు బ్రాడీపేటలోని ఇంటి అరుగు మీద సుద్దముక్కతో పులి–మేక గీసి, చింతగింజలు మేకలుగా, గులకరాళ్లు పులులుగా పెట్టి ఆడేవారు. పులులు కదలలేని స్థితికి రాగానే “అదుగో, మీ నాన్న సైకిల్ బెల్లు!” అనేవారు, మేము వీధివైపు తల తిప్పి చూసేలోగా ఒక చింతగింజ ఆయన కండువా కిందికి చేరేది. ఇలాంటిదాన్ని “పిల్లలతో సరదాగా ఆడుకునేవారు” అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఆయన అన్న మాటను అన్నట్టే, ఆ యాసలోనే, కొటేషన్లలో పెట్టండి.

కుటుంబం మీద ఆయనకున్న మమకారాన్ని కూడా ఇలాగే పనులలో చూపించాలి. నాయనమ్మకు చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి ఆమె జడ తాతగారే వేసేవారు, “రెండు జడలు కావాలా, వాలుజడ కావాలా?” అని రోజూ గట్టిగా అడిగేవారు. ఈ ఒక్క సంగతి రాస్తే “అనుకూల దాంపత్యం” అనే మాటతో పని ఉండదు. ఆయన కోపాలు, పంతాలు కూడా ఒకటి రెండు ఉండనివ్వండి, అయితే బతికి ఉన్నవారిని నొప్పించేవి అచ్చుకు ఇచ్చే ముందు వారి అనుమతి తీసుకోండి.

ఇక కాలక్రమం. బడి రికార్డులోని పుట్టినతేదీ చాలాసార్లు చేర్పించిన రోజున పంతులుగారు ఉజ్జాయింపుగా వేసినదే. పెద్దలకు తెలుగు సంవత్సరం పేరు గుర్తుంటే దారి సులువవుతుంది: 1927 ఉగాదికి ప్రభవ మొదలైంది, అక్కడి నుంచి వరుసగా లెక్కిస్తే ఈశ్వర 1937లో వస్తుంది, జనవరికీ ఉగాదికీ మధ్య పుట్టినవారికి ఒక ఏడు కలపాలి. పెద్దలు చెప్పే ఆనవాళ్లను కూడా తేదీలుగా మార్చుకోవచ్చు. “హైకోర్టు గుంటూరులో ఉన్నప్పుడు ఉద్యోగంలో చేరాడు” అంటే 1954–56 మధ్య. “బెజవాడ బ్యారేజీ పూర్తయిన ఏడు”, “నయాపైసలు వచ్చిన ఏడు” రెండూ 1957. “దివిసీమ ఉప్పెన” 1977 నవంబరు 19. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లలో వచ్చాయి కనుక, ఘాట్ల దగ్గర తీసిన ఫోటో ఏ పుష్కరానిదో అందులోని పిల్లల వయసును బట్టి తేలిపోతుంది. ఫోటోల వెనుక స్టూడియో ముద్ర ఉంటే అదీ పనికొస్తుంది.

రాత ఒకరి చేతి మీదుగానే సాగితే మంచిది, ఎవరి జ్ఞాపకం కింద వారి పేరు మాత్రం ఉండాలి. ఒకే సంఘటనను ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ వేయండి. అచ్చుపనికి విజయవాడలో కొదవ లేదు. డీటీపీ (కంప్యూటర్లో అక్షరాలు కూర్చే పని) చేసేవారితో, ఏ ఫోనులోనైనా తెలుగు చదవడానికి వీలైన యూనికోడ్‌లోనే కొట్టమని ముందే మాట్లాడుకోండి. అచ్చుపనిలో వాడే పాత ‘అను’ ఫాంట్లలో కొట్టించిన పాఠాన్ని ఉన్నదున్నట్టుగా పంపితే విదేశాలలోని మనవల ఫోన్లలో అక్షరాలు చదవడానికి రావు. మొత్తం పేజీలు నాలుగు చేత భాగించబడేలా చూసుకుంటే మధ్యలో పిన్ను కొట్టడం తేలిక. ప్రూఫును ఇంట్లోని పెద్దావిడకు బిగ్గరగా చదివి వినిపించాకే అచ్చుకు ఇవ్వండి, ఎందుకంటే వరసలు, ఊరిపేర్లు తప్పుపడితే ముందు పట్టేది ఆమే. చివర రెండు పేజీలు ఖాళీగా వదలండి; సంవత్సరీకం నాడు పుస్తకం పంచినప్పుడు “ఇంకోటుంది, అది రాయలేదే!” అనేవారు తప్పక ఉంటారు, అక్కడికక్కడే వారి చేతికి కలం ఇవ్వండి.