టెక్స్ట్ సెక్షన్‌లో టెక్స్ట్ ఉండదు: కంపైల్ అయిన ఫైలును విప్పి చూడటం ఎలా

ఈ పేరు పెట్టినవాళ్లను ఏమనాలో తెలియదు గానీ, లైనక్స్‌లో కంపైల్ చేసిన ఫైల్లో "డాట్ టెక్స్ట్" అనే సెక్షన్‌లో ఉండేది మెషీన్ కోడ్, అంటే ప్రాసెసర్ నేరుగా నడిపే సూచనలు. మీరు కోట్స్ మధ్య రాసుకున్న మాటలు వేరే చోట, "డాట్ ఆర్‌ఓడేటా"లో ఉంటాయి, అంటే చదవడమే తప్ప మార్చకూడని డేటా అని. నేను మొదట్లో టెక్స్ట్ సెక్షన్‌లో నా మెసేజ్ కోసం ఒక సాయంత్రమంతా వెతికాను, మీకు ఆ బాధ వద్దు.

చేసి చూస్తేనే అర్థమవుతుంది కాబట్టి టెర్మినల్ తెరవండి. కమాండ్లను నేను పలికినట్టు తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. మెషీన్ 64 బిట్ ఇంటెల్ లేదా ఏఎండీ, కంపైలర్ జీసీసీ అనుకుందాం.

చిన్న సి ప్రోగ్రామ్ రాయండి. మెయిన్‌లో పుట్స్‌తో "నమస్కారం" అని ప్రింట్ చేయండి. బయట గ్లోబల్‌గా రెండు పెట్టండి: 5 విలువ ఇచ్చిన ఒక ఇంట్ (పూర్ణాంకం), ఏ విలువా ఇవ్వని పది లక్షల ఇంట్‌ల అర్రే. కంపైల్ చేసి సైజు చూడండి, సుమారు 16 కేబీ వస్తుంది. ఇంట్‌కు నాలుగు బైట్ల చొప్పున అర్రే (వరస) ఒక్కటే 40 లక్షల బైట్లు కదా, ఎటు పోయింది? అది "డాట్ బీఎస్ఎస్"లో ఉంది. ఆ సెక్షన్‌కు ఫైల్లో చోటే ఉండదు, "ఇంత జాగా సున్నాలతో నింపి ఇవ్వు" అన్న చీటీ మాత్రం ఉంటుంది, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ లాంటి భాగం, ఆ జాగా ఇస్తుంది. ఇప్పుడు అర్రేలో మొదటి అంకెకు 1 ఇచ్చి మళ్లీ కంపైల్ చేయండి. ఫైలు ఒక్కసారిగా దాదాపు 4 ఎంబీ అవుతుంది, ఎందుకంటే అర్రే మొత్తం "డాట్ డేటా"లోకి వచ్చేసింది, ఒక్క ఒకటి కోసం మిగతా సున్నాలన్నీ ఫైల్లో మోయాలి.

ఇప్పుడు సెక్షన్ల జాబితా చూపే రీడెల్ఫ్ కమాండుకు హైఫన్, పెద్ద ఎస్ ఇచ్చి మీ ఫైలు పేరు కొట్టండి. ముప్పై దాకా సెక్షన్లు వస్తాయి, కంగారు పడొద్దు, పైన చెప్పిన నాలుగే చూడండి. వాటి పక్కన ఉన్న ఫ్లాగ్స్ ముఖ్యం: కోడ్‌కు నడిపే హక్కు ఉంది, రాసే హక్కు లేదు, ఆర్‌ఓడేటాకు ఆ రెండూ లేవు, డేటాకూ బీఎస్ఎస్‌కూ రాసే హక్కు ఉంది. ఇలా విడదీయడం అందం కోసం కాదు. మెమరీలో హక్కులు ఇచ్చేది పేజీల లెక్కన, ఇక్కడ పేజీ అంటే 4096 బైట్లు. కోడ్, మాటలు, వేరియబుల్స్ ఒకే పేజీలో కలిసిపోతే దేనికి ఏ హక్కు ఇవ్వాలి? ఆ పేజీల సర్దుబాటు కోసం వదిలిన ఖాళీలే ఇంత చిన్న ప్రోగ్రామ్‌ను 16 కేబీ చేసిన వాటిలో పెద్ద భాగం.

ఇక అసలు సరదా. సెక్షన్‌లోని బైట్లు చూపే ఆబ్జ్‌డంప్‌కు హైఫన్ చిన్న ఎస్, తర్వాత హైఫన్ జే ఇచ్చి ఆర్‌ఓడేటా సెక్షన్ పేరు చెప్పండి. మొదట 01 00 02 00 అని నాలుగు బైట్లు కనిపిస్తే అవి మీవి కావు, సి లైబ్రరీ తన కోసం పెట్టుకున్నవి. తర్వాత ఈ0 బీ0 ఏ8 అని మొదలయ్యేదే మన "న". అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింట్‌కూ (అక్షరం, గుణింతపు గుర్తు లాంటి ఒక్కో ముక్కకూ) మూడు బైట్లు పడతాయి. "నమస్కారం"లో పొల్లు, దీర్ఘం, సున్నా కలిపి ఎనిమిది, అంటే 24 బైట్లు, చివర ముగింపు సున్నాతో 25. కోడ్ వైపు ఈ మాట ఒక్క బైటు కూడా ఉండదు. "ఇక్కడి నుంచి ఇంత దూరంలో ఉంది" అన్న అంకె మాత్రమే ఉంటుంది, దాంతో లెక్కగట్టిన చిరునామా పుట్స్‌కు వెళ్తుంది.

ఇదే పని స్ట్రింగ్స్ కమాండుతో తేలిక అంటారు, కానీ మన భాషకు అక్కడ చిక్కుంది. అది మామూలుగా కనీసం నాలుగు ఆస్కీ (మామూలు ఇంగ్లీషు) అక్షరాలు వరుసగా ఉంటేనే చూపిస్తుంది, తెలుగును అసలు పట్టించుకోదు. హైఫన్ చిన్న ఈ, పెద్ద ఎస్ కలిపి ఇవ్వండి, కనిపిస్తుంది.

మార్చాలనుందా? ఫైలు కాపీ తీసుకుని ఏదైనా హెక్స్ ఎడిటర్లో (బైట్లను నేరుగా మార్చే ఎడిటర్) తెరిచి, ఆ 24 బైట్ల మీద "శుభోదయం" రాయండి. అది 21 బైట్లే, మిగిలిన మూడూ సున్నాలు చేయండి. నడిపితే కొత్త మాట వస్తుంది. పొడవు మాట మాత్రం పెట్టొద్దు. పక్కనున్నదాన్ని చెరిపేస్తుంది, లేదా మధ్యలో బైట్లు దూర్చితే తర్వాతివన్నీ జరిగి కోడ్‌లోని దూరాలు తప్పుతాయి.

అదే మార్పు ప్రోగ్రామ్ లోపల నుంచి చేయబోతే, అంటే క్యార్ పాయింటర్‌కు (మాట ఉన్న చోటు చిరునామా పెట్టుకునే వేరియబుల్) ఈ మాట ఇచ్చి మొదటి బైటు మార్చబోతే, సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రామ్ ఆగిపోతుంది. రాసే హక్కు లేని పేజీ కదా. పాయింటర్ బదులు ఫంక్షన్‌లో అర్రేగా పెడితే పనిచేస్తుంది, ఎందుకంటే అప్పుడు స్టాక్ మీద (ఫంక్షన్ నడిచేంతసేపు దానికిచ్చే, రాయగల మెమరీ) సొంత కాపీ తయారవుతుంది.

సెక్షన్ల సైజులు చూపే సైజ్ కమాండుతో ఒక జాగ్రత్త: మామూలుగా అది టెక్స్ట్ అనే కాలమ్‌లో కోడ్‌నూ ఆర్‌ఓడేటానూ కలిపి లెక్కేస్తుంది. విడిగా కావాలంటే హైఫన్, పెద్ద ఏ.

స్ట్రిప్ అనే కమాండు కొట్టేస్తే అన్నీ దాగిపోతాయని కూడా అనుకోకండి. ఫంక్షన్ల పేర్ల పట్టిక పోతుంది, మాటలు అలాగే ఉంటాయి. నేనొకసారి డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కోడ్‌లోనే రాసేసి, స్ట్రిప్ చేశానులే అని ధీమాగా ఉంటే, పక్క సీటు మిత్రుడు స్ట్రింగ్స్ కొట్టి పది సెకన్లలో చదివి వినిపించాడు. తర్వాత దాన్ని ఫంక్షన్ లోపల అర్రేగా పెట్టి తెలివైన పని చేశాననుకున్నా. చిన్న అర్రేను జీసీసీ ఎనిమిదేసి బైట్ల ముక్కలు చేసి నేరుగా కోడ్ సూచనల్లో ఇరికించింది, అంటే ఈసారి నా పాస్‌వర్డ్ నిజంగానే టెక్స్ట్ సెక్షన్‌లో ఉంది, ముక్కలుగా, కానీ చదవగలిగేలాగే.